అడవి మింగిన చమురు యంత్రాలు

ఒకప్పుడు ప్రపంచానికి కిరసనాయిలు పంచిన పెన్సిల్వేనియా కొండల్లో ఇప్పుడు ఎవరికీ పట్టని పాత ఇనుము, ఏ లెక్కలోనూ లేని బావులు మిగిలాయి.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రానికి వాయవ్య మూలన అలెఘనీ జాతీయ అటవీ ప్రాంతం ఉంది. ఐదు లక్షల ఎకరాల పైమాటే. అక్కడ కాలిబాట వదిలి చెట్లలోకి నడిచేవాళ్లకి రాలిన ఆకుల కింద ఇనుప కడ్డీ కాలికి తగలడం మామూలే. ఆ కడ్డీ వెంబడి పోతే దానికి బిగించిన ఇంకో కడ్డీ, దాన్ని మోయడానికి పాతిన గుంజ, ఇంకొంచెం దూరాన నేలలోకి కూరుకుపోయిన చిన్న పంపు కనిపిస్తాయి. రెండో కొస పట్టుకుని వెనక్కి నడిస్తే కొండ మలుపులో కూలిన రేకుల షెడ్డు. షెడ్డు కింద ఇరవై అడుగుల అడ్డుకొలత ఉన్న చక్రం పడుకోబెట్టి ఉంటుంది. దాని సందుల్లోంచి చెట్లు లేచి ఉంటాయి. కొన్నిచోట్ల చెట్టు లావెక్కి ఇనుమునే తనలో కలిపేసుకుంది. ఇప్పుడా చెట్టుని కొట్టకుండా ఇనుము రాదు, రంపంతో కొడదామంటే ఇనుము అడ్డం.

జింకల వేటకి వెళ్లేవాళ్లూ, వీపున సంచి తగిలించుకుని కొండలెక్కేవాళ్లూ ఇలాంటివి చూసి ఫొటో తీసుకుని వెళ్లిపోతుంటారు. పాత ఇంజిన్ల పిచ్చి ఉన్నవాళ్లు మాత్రం అక్కడే మోకాళ్ల మీద కూర్చుని నాచు గీకి, కంపెనీ పేరున్న బిళ్ల కోసం వెతుకుతారు.

ఈ తుప్పుతో మనకేం పని అనుకోవచ్చు. పని ఉంది. 1870లు, 80లలో మన దేశపు రేవుల్లో దిగిన కిరసనాయిల్లో పెద్ద భాగం అమెరికా నుంచి వచ్చిందే. ఆ రోజుల్లో అమెరికా చమురంటే దాదాపుగా పెన్సిల్వేనియా చమురే. రేకు డబ్బాల్లో పోసి, రెండేసి డబ్బాలు చెక్కపెట్టెలో పెట్టి ఓడలకెక్కించేవారు. తర్వాత రష్యా నూనె, దాని వెనకే బర్మా నూనె వచ్చి అమెరికా సరుకుని వెనక్కి నెట్టాయి. కానీ ఆముదపు ప్రమిద పక్కన తొలిసారి కిరసనాయిలు బుడ్డి వెలిగించుకున్న తరానికి ఆ వెలుగు వచ్చింది ఎక్కువగా ఈ కొండల్లోంచే. నూనె అయిపోయాక ఖాళీ డబ్బా నీళ్లు మోయడానికి, బియ్యం పోసుకోవడానికి ఎన్నాళ్లు పనికొచ్చిందో పాతకాలం వాళ్లకి చెప్పనక్కర్లేదు.

రైలు కండక్టరు తవ్వించిన బావి

అంతా మొదలైంది టైటస్‌విల్ అనే చిన్న ఊళ్లో. పిట్స్‌బర్గ్ నుంచి ఉత్తరంగా రెండు గంటల కారు ప్రయాణం. పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి దర్శనానికి వచ్చే తెలుగువాళ్లు ఒక పూట కలుపుకుంటే చూసి రావచ్చు.

ఎడ్విన్ డ్రేక్‌కి ఇంజినీరింగ్ రాదు. రైల్లో కండక్టరుగా చేసి, ఒంట్లో బాగాలేక మానేశాడు. అయితే రైలు పాసు ఇంకా చేతిలో ఉంది. సెనెకా ఆయిల్ కంపెనీ అతన్నే అక్కడ చమురు తీసే పనికి పంపడానికి ఆ ఉచిత ప్రయాణం కూడా ఒక కారణమంటారు. ఊళ్లో మర్యాద దక్కాలని కంపెనీవాళ్లు అతని పేరుకి ముందు ‘కర్నల్’ తగిలించి ఉత్తరాలు రాశారు. అతను సైన్యంలో ఒక్కరోజు పని చేసిన మనిషి కాదు.

అక్కడి ఆయిల్ క్రీక్ అనే వాగు నీళ్ల మీద నూనె తేలుతుందని అక్కడి సెనెకా తెగవాళ్లకి ఎప్పటినుంచో తెలుసు. ఉప్పునీటి బావులు తవ్వేవాళ్లకీ ఈ నూనె తగులుతూనే ఉండేది. వాళ్లకది తలనొప్పి. ఉప్పు పాడైపోయేది. పిట్స్‌బర్గ్‌కి చెందిన శామ్యూల్ కీర్ దాన్నే సీసాల్లో పోసి సర్వరోగ నివారిణిగా అమ్మాడు. నూనె కోసమే బావి తవ్వాలన్న ఆలోచనే కొత్తది. భూమిని దెబ్బ మీద దెబ్బ కొట్టి లోతుకి తవ్వే పద్ధతి కొత్తది కాదు. చైనాలోని జిగాంగ్‌లో ఉప్పునీటి కోసం వెదురు సాయంతో 1835 నాటికే వెయ్యి మీటర్ల లోతుకి దిగారు.

వాగు ఒడ్డున తవ్వబోతే ఇసుకా కంకరా జారి గొయ్యి పూడిపోతుండేది. డ్రేక్ ఇనుప గొట్టాన్ని 32 అడుగుల లోతున రాయి తగిలేదాకా దిగ్గొట్టించి, ఆ గొట్టం లోపలినుంచి తవ్వకం సాగించాడు. ఇవాళ మన ఊళ్లలో బోరు వేసేవాళ్లు ముందుగా దించే కేసింగ్ ఇదే. రాయి తగిలాక రోజుకి మూడడుగులు కదిలితే గొప్ప. ఊళ్లోవాళ్లు నవ్వారు. కంపెనీ విసిగి డబ్బు ఆపేసింది. 1859 ఆగస్టు 27న, 69 అడుగుల లోతులో, ఉలి ఒక పగులులోకి జారింది. మర్నాడు ఆదివారం. తవ్వకం పనివాడు బిల్లీ స్మిత్ వచ్చి గొట్టంలోకి తొంగి చూస్తే నూనె పైకి వచ్చి ఉంది.

డ్రేక్ తన పద్ధతికి పేటెంటు తీసుకోలేదు. సంపాదించింది పోగొట్టుకున్నాడు. 1873లో పెన్సిల్వేనియా ప్రభుత్వం ఏటా 1,500 డాలర్ల పింఛను మంజూరు చేసేదాకా కష్టాలే.

ఒక ఇంజిన్, ఇరవై బావులు

అడవిలో దొరికే ఇనుములో రెండు కాలాల సామాను కలిసిపోయి ఉంటుంది. తవ్వకానిది ఒకటి, తోడకానిది ఇంకొకటి.

తవ్వకం సామానులో కొయ్యవి దాదాపు మిగల్లేదు. డెబ్బై, ఎనభై అడుగుల ఎత్తున చెక్కతో కట్టిన గోపురాలు కుళ్లి పడిపోయాయి, లేదా కాలిపోయాయి. వాటి కింద అడ్డంగా ఒక పెద్ద దూలం ఉండేది. నడిమధ్య గుంజ మీద ఆని, ఒక కొసని ఆవిరి ఇంజిన్ కిందికీ పైకీ ఆడిస్తుంటే రెండో కొసకి వేలాడే తాడు కూడా లేస్తూ దిగుతూ ఉండేది. ఏతాం తెలిసినవాళ్లకి ఇంతకన్నా చెప్పక్కర్లేదు. బానకి బదులు ఇక్కడ మనిషికన్నా బరువైన ఇనుప ఉలి. అది రాయిని తిప్పి తొలచదు, పడి పడి పిండి చేస్తుంది. పిండిలో నీళ్లు పోసి, అడుగున మూత ఉన్న పొడవాటి గొట్టంతో బురదని పైకి లాగేవారు. ఉలి మొద్దుబారితే పక్కనే కొలిమి. ఇప్పుడు అడవిలో దొరికేవి ఆ ఉలి ముక్కలూ, తాడు చుట్టిన చక్రాల ఇనుప పట్టీలూ, ఆవిరి బాయిలర్ల డొప్పలూ.

నా మట్టుకు నాకు తోడకం సామానే ఎక్కువ ఆసక్తి. బ్రాడ్‌ఫర్డ్ క్షేత్రాన్నే తీసుకోండి. 1881లో అమెరికా చమురులో నాలుగింట మూడొంతులకి పైగా అక్కడినుంచే వచ్చింది. పొంగు తగ్గాక ఒక్కో బావి రోజుకి ఒక పీపా కూడా ఇవ్వని రోజులొచ్చాయి. అయినా ఎవరూ వదల్లేదు. పెన్సిల్వేనియా ముడి చమురులో మైనం పాలు ఎక్కువ. కందెన నూనెకి దాన్ని మించింది లేదని పేరు. పెన్‌జాయిల్, క్వేకర్ స్టేట్ ఆ నేల మీద పుట్టిన కంపెనీలే. ధర వస్తుంది కానీ, అరపీపా బావికి ఒక ఇంజినూ ఒక మనిషీ పెడితే గిట్టదు.

దానికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం చూస్తే మెచ్చుకోకుండా ఉండలేం. కొండ నడుమ ఒక షెడ్డు. షెడ్డులో ఒకే ఒక గ్యాస్ ఇంజిన్. అది బెల్టుతో పడుకోబెట్టిన పెద్ద చక్రాన్ని తిప్పుతుంది. చక్రం ఇరుసుకి కాస్త పక్కకి జరిపి బిగించిన పళ్లెం, తిరిగే కొద్దీ, తనకి తగిలించిన కడ్డీలన్నిటినీ కొన్ని అంగుళాలు లాగి వదులుతుంది. ఆ కడ్డీలు షెడ్డులోంచి అన్ని దిక్కులకీ బయల్దేరి, ఊగే గుంజల మీద వేలాడుతూ, లోయలు దాటి, కొండలెక్కి వందల గజాల అవతల బావుల దగ్గరికి పోతాయి. అక్కడ ఒక్కో కడ్డీ కొసన ఒక్కో పంపు. ఒక ఇంజిన్ మీద ఇరవై, ముప్ఫై బావులు నడిచేవి. తూర్పు బావి పంపు దిగేటప్పుడు పడమటి బావి పంపు లేచేలా ఎదురెదురుగా జోడించేవారు. దిగేదాని బరువే లేచేదానికి సాయం. అందుకే అంత చిన్న ఇంజిన్ అన్ని బావుల్ని మోయగలిగింది. ఏదైనా బావిని ఆపాలంటే దాని కడ్డీని ఒక గుంజ దగ్గర కొక్కెం తప్పిస్తే చాలు. కానీ తూకం చెడకుండా చూసుకోవాలి.

ఇంజిన్‌కి ఇంధనం బయటినుంచి కొనే పని లేదు. బావుల్లోంచి నూనెతో పాటు వచ్చే గ్యాసే. అంతకుముందు తవ్వకానికి వాడిన ఆవిరి ఇంజిన్లని పారేయకుండా, ఆవిరి సిలిండర్ తీసి గ్యాస్ సిలిండర్ బిగించి వాడుకున్నారు. ఆయిల్ సిటీలో జోసెఫ్ రీడ్ కంపెనీ, గ్రోవ్ సిటీలో బెస్సిమర్ కంపెనీ ఇలాంటి ఇంజిన్లకి పేరు పడ్డాయి. పొగగొట్టం చివర చిన్న అమరిక ఒకటి పెట్టి, ప్రతి ఇంజిన్‌కీ ఒక ప్రత్యేకమైన కూత వచ్చేలా చేసేవారు. బావులు చూసుకునే మనిషి ఇంట్లో అన్నం తింటూనే తన ఇంజిన్ నడుస్తోందో ఆగిందో చెవితో పోల్చుకునేవాడు.

నాలుగు డాలర్ల ముప్ఫై ఏడు సెంట్లకి ఊరు

ఇనుము కూడా మిగలని చోట్లున్నాయి. టైటస్‌విల్‌కి దగ్గర్లోని పిట్‌హోల్ అందులో ఒకటి. 1865 జనవరిలో అక్కడ రోజుకి 250 పీపాల బావి పడింది. సెప్టెంబరుకల్లా ఆ పొలంలో పదిహేను వేలమంది జనం, డజన్లకొద్దీ హోటళ్లు, నాటకశాల. పీపాల్ని గుర్రబ్బండ్ల మీద రైలు దగ్గరికి చేర్చేవాళ్లు అడిగినంత కిరాయి. ఆ దోపిడీకి విసిగిన శామ్యూల్ వాన్ సైకెల్ అదే ఏడు అక్టోబరులో రెండంగుళాల గొట్టాన్ని ఐదు మైళ్లకి పైగా పరిచి, నూనెని నేరుగా రైలు స్టేషన్‌కి నెట్టించాడు. బండ్లవాళ్లు గొట్టాలు పగలగొట్టారు. కాపలాకి తుపాకులు పెట్టాల్సి వచ్చింది. ఇవాళ ప్రపంచమంతా అల్లుకున్న చమురు పైపులైన్లకి అదే మొదటి విజయం.

ఏడాది తిరిగేసరికి బావులు ఎండాయి. కొయ్య ఊరు కదా, మంటలు కొంత మింగాయి. మిగిలిన ఇళ్లని జనం విప్పుకుని పోయారు. స్టాండర్డ్ ఆయిల్ గుత్తాధిపత్యాన్ని బయటపెట్టిన పత్రికా రచయిత్రి ఐడా టార్బెల్ టైటస్‌విల్‌లో పెరిగిన ఇల్లు, ఆమె తండ్రి పిట్‌హోల్‌లోని ఒక హోటల్‌ని 600 డాలర్లకి కొని, విప్పి తెచ్చిన కలపతో కట్టిందే. 1877లో పిట్‌హోల్‌కి ఊరన్న హోదా పోయింది. తర్వాత ఆ శిథిలాల్ని కౌంటీకి అమ్మేశారు, 4 డాలర్ల 37 సెంట్లకి. ఇప్పుడక్కడ మ్యూజియం వాళ్లు గడ్డిలో పాత వీధుల మేర మాత్రం కోసి ఉంచుతారు. ఆ గడ్డి దారే మెయిన్ రోడ్డు అని బోర్డు చెబుతుంది.

ఎవరూ తీసుకుపోని కారణం

మరి అలెఘనీ అడవిలో ఇంత ఇనుము ఎందుకు వదిలేశారు? మొదటిది కిరాయి లెక్క. టన్నుల బరువున్న చక్రాన్ని రోడ్డు లేని లోయలోంచి పైకి లాగే ఖర్చుకి తుక్కు ధర చాలదు.

రెండో కారణం భూమి కాగితాల్లో ఉంది. 1923లో ఈ అడవి ఏర్పడే నాటికి అది అడవే కాదు. కలప కంపెనీలు గొడ్డళ్లతో చదును చేసి వదిలేసిన మోడు కొండలు. ఫెడరల్ ప్రభుత్వం పై నేల కొంది. కింద ఉన్న చమురు, గ్యాసు హక్కులు చాలావరకు పాత యజమానుల దగ్గరే ఉండిపోయాయి. ఇప్పటికీ ఆ అడవి కింద ఖనిజ హక్కుల్లో 90 శాతానికి పైగా ప్రైవేటువాళ్లవే. పైన చెట్లు పెంచేది ఒకరు, కింద నూనె తోడేది ఇంకొకరు. నూనె తోడేవాడు దివాలా తీసినా, చచ్చిపోయినా, యంత్రం అక్కడే ఉండిపోయింది. చెట్లు మళ్లీ పెరిగి దాన్ని కప్పేశాయి. కాబట్టి అక్కడ కనబడే సామాను దిక్కులేనిదని చెప్పి బండికెక్కించుకుంటే కుదరదు. హక్కుదారులు ఎక్కడో ఉండొచ్చు, పైగా చారిత్రక వస్తువులకి చట్టం రక్షణ ఉంది.

అయితే తీసుకుపోయిన ఇనుము ఒకటుంది. అసలు చిక్కంతా దానితోనే. రెండో ప్రపంచ యుద్ధంలో ఉక్కుకి గిరాకీ పెరిగినప్పుడు, పనికిరాని బావుల్లోంచి కేసింగ్ గొట్టాల్ని పీకి తుక్కుకి అమ్మారు. బావి నోరు మూయడానికి చేతికందింది కుక్కారు. చెట్టు మొద్దులూ, రాళ్లూ, మట్టీ. పైన తేలికగా దొరికే పంపు, చక్రం మిగిలాయి. భూగర్భంలో నీటి పొరని నూనె పొర నుంచి వేరుచేసే గొట్టం పోయింది.

పెన్సిల్వేనియాలో 1859 నుంచి మూడు లక్షలకి పైగా బావులు తవ్వారని అంచనా. బావికి అనుమతి, నమోదు అన్నవి గట్టిగా మొదలైంది 1950లలో. అంతకుముందు దాదాపు వందేళ్లు ఎవడి పొలంలో వాడు తవ్వుకున్నాడు, ఎండితే నడిచిపోయాడు. యజమాని లేని బావులుగా రాష్ట్రం గుర్తించినవి 27 వేలకి పైగా. మిగతావాటిలో అధిక భాగం ఎక్కడున్నాయో కాగితం లేదు. కొన్నిటి మీద ఇళ్లు, బడులు కట్టేశారు. వాటిలోంచి మీథేన్ వస్తుంది. వాతావరణాన్ని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకన్నా ఎన్నో రెట్లు ఘాటైన గ్యాసు. అది బావి నీళ్లలో కలుస్తుంది, మూసిన గదిలో పోగైతే పేలుతుంది.

ఇప్పుడు వీటిని వెతకడం ఒక శాస్త్రమైంది. హెలికాప్టర్లకీ, డ్రోన్లకీ అయస్కాంత పరికరాలు కట్టి అడవి మీద తిప్పుతారు. నేలలో నిటారుగా గొట్టం ఉంటే పటంలో గుండ్రటి మచ్చ పడుతుంది. గొట్టం పీకేసిన బావికి ఆ మచ్చ ఉండదు. దానికి మళ్లీ పాత పద్ధతే గతి. వాన నీటి గుంటలో బుడగలొస్తున్నాయా, ఒకచోట మాత్రం గడ్డి మొలవడం లేదా, గబ్బు వాసన వస్తోందా చూడాలి. అడవిలో ఆ తుప్పు కడ్డీ దొరకడం ఇక్కడే అక్కరకొస్తుంది. కడ్డీ కొసన పంపు, పంపు కింద బావి. పాత యంత్రాన్ని చూసి ముచ్చటపడి వదిలేయకుండా, ఆ చోటు గుర్తులు రాసి రాష్ట్ర పర్యావరణ శాఖకి పంపేవాళ్లూ ఉన్నారు. 2021లో అమెరికా ప్రభుత్వం ఇలాంటి అనాథ బావుల్ని పూడ్చడానికి 470 కోట్ల డాలర్లు కేటాయించింది. అంతా జనం డబ్బే. తోడుకుని లాభపడిన కంపెనీల్లో చాలావాటికి ఇప్పుడు పేరు కూడా లేదు.

ఇంకా ఊపిరున్న ఇనుము

యంత్రాల మీద నాకు కోపం లేదు. జెఫర్సన్ కౌంటీలోని కూల్‌స్ప్రింగ్ పవర్ మ్యూజియంలో అలాంటి ఇంజిన్లని వందల సంఖ్యలో బాగుచేసి, జనం చూస్తుండగా నడిపిస్తారు. 1985లో ఇద్దరు ఇంజిన్ ప్రేమికులు తమ సేకరణలతో మొదలుపెట్టింది. సరిహద్దు దాటి కెనడాలోని ఒంటారియోకి వెళితే ఇంకో విశేషం. అక్కడ ఆయిల్ స్ప్రింగ్స్‌లో జేమ్స్ మిల్లర్ విలియమ్స్ 1858లోనే, అంటే డ్రేక్‌కన్నా ఏడాది ముందే చమురు బావి తవ్వాడు. ఉత్తర అమెరికాలో మొదటి బావి ఎవరిదన్న పంచాయితీ ఇంకా తేలలేదు. అదే ఊళ్లో ఫెయిర్‌బ్యాంక్ కుటుంబం 1860ల నాటి కడ్డీల పద్ధతితోనే ఇప్పటికీ నూనె తోడి అమ్ముతోంది. అది మ్యూజియం కాదు, వ్యాపారం.

మన దేశంలో ఈ పాత ఇనుము చూడాలంటే అస్సాంలోని డిగ్బోయ్ వెళ్లాలి. 1889లో తవ్వడం మొదలుపెట్టిన మొదటి నంబరు బావిని, ఆనాటి సామానునీ అక్కడి మ్యూజియంలో భద్రపరిచారు.

మన గోదావరి డెల్టా ఇంకా ఆ వయసుకి రాలేదు. నరసాపురం, రాజోలు ప్రాంతాల్లో చమురు, గ్యాసుల కోసం తవ్వకాలు మొదలై అర్ధశతాబ్దం కావస్తోంది. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో ఎగసిన మంట 65 రోజులు మండింది. చమురు బావి అంటే ఏమిటో కోనసీమవాళ్లకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. అక్కడ కొబ్బరితోటల నడుమ తవ్విన బావుల్లో ఎండిపోయేవి, మూసేసేవి ఏటా పెరుగుతాయి. పెన్సిల్వేనియాకీ మనకీ తేడా ఒకటే. మన దగ్గర ప్రతి బావికీ తేదీ ఉంది, నంబరుంది, తవ్విన సంస్థ ఇంకా ఉంది. కానీ ఆ జాబితా పంచాయతీ గోడ మీద ఉండాలి. తోట కొనేవాడికీ, ఇంటికి పునాది తీసేవాడికీ, చేపల చెరువు తవ్వేవాడికీ మూసిన బావి ఎక్కడుందో, దాన్ని ఏ ఏడు, దేనితో, ఎంత లోతున మూశారో తెలియాలి. ఓఎన్‌జీసీ ప్రభుత్వ రంగ సంస్థ, సమాచార హక్కు చట్టం దానికి వర్తిస్తుంది. దరఖాస్తు రుసుము పది రూపాయలు. ఊళ్లో పైపులైన్ వెళ్లే దారి తెలిసినవాళ్లెవరైనా ముందుకొచ్చి, మూసిన బావుల పటం ఇమ్మని ఆ దరఖాస్తు పెట్టండి.